‘ప్రెజెంట్లీ’ అంటే ఇప్పుడా, కాసేపట్లోనా? ఇంట్లో గొడవ తీర్చండి

కాకతీయ_కుర్రోడు

అందరికీ నమస్తే. డౌట్ చిన్నదే, కానీ దాని మీద ఇంట్లో పెద్ద గొడవే నడుస్తోంది. నా రెజ్యూమే మొదటి లైన్లో ‘ఐ యామ్ ప్రెజెంట్లీ వర్కింగ్ యాజ్ ఎ టెస్ట్ ఇంజనీర్’ అని రాసుకున్నా. లండన్‌లో ఉండే మా బావకి ఒకసారి చూసిపెట్టమని పంపిస్తే ఆ మాట చుట్టూ ఎర్రగా సున్నా చుట్టాడు. ‘ప్రెజెంట్లీ అంటే ఇప్పుడు కాదురా, కాసేపట్లో అని. ఇది చదివినవాడు నువ్వింకా ఉద్యోగంలో చేరనేలేదు అనుకుంటాడు’ అని పక్కన రాశాడు.

కాలేజీలో సార్లు, ఆఫీసులో హెచ్ఆర్ వాళ్లు, బ్యాంకు ఫారాలు, ఎక్కడ చూసినా నాకు కనబడింది ‘ఇప్పుడు’ అన్న అర్థమే. డిక్షనరీ తెరిస్తే రెండూ ఉన్నాయి. ఒకే మాటకి ఇప్పుడు అనీ తర్వాత అనీ రెండు అర్థాలేంటి? నాది తప్పా, బావది తప్పా?

డబ్లిన్ సుధ

ఇక్కడి లెక్కలో మీ బావగారు చెప్పిందే రైటు. నేను ఐర్లాండ్‌లో నర్సుని. మా వార్డులో సీనియర్ సిస్టర్ ఒక పెద్దావిడతో ‘ది డాక్టర్ విల్ బి విత్ యూ ప్రెజెంట్లీ’ అంది. ఆ మాట వినగానే ఆవిడ దిండు సరిచేసుకుని, కళ్లజోడు పెట్టుకుని, పేపర్లో క్రాస్‌వర్డ్ తీసింది. అంటే చేతిలో టైముందని ఆవిడకి అర్థమైపోయింది. అదే మన ఊళ్లో పెద్దాయనైతే లేచి చొక్కా గుండీలు పెట్టుకునేవాడు.

ఉప్పల్_ఉత్తముడు

ఇందులో చర్చకేముంది? ఇంగ్లిష్ వాళ్లది. వాళ్లు కాసేపట్లో అంటే కాసేపట్లోనే. మనవాళ్లు ‘ప్రెజెంట్’ చూసి ‘లీ’ తగిలించి ప్రస్తుతం అనేసుకున్నారు. ఇండియన్ ఇంగ్లిష్‌లో ఇలాంటివి బోలెడు. మార్చేసుకో తమ్ముడూ, ‘కరెంట్లీ’ అని పెట్టు, పని అయిపోతుంది.

సామర్లకోట మాస్టారు

ఉత్తముడు గారూ, అంత తొందర పడకండి. ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకి ఇంగ్లిష్ చెప్పి రిటైరైనవాణ్ణి, ఈ మాట మీద నాకు కాస్త మమకారం ఉంది. మనవాళ్లు కొత్తగా కనిపెట్టిన అర్థం అనుకుంటున్నారే, అసలు పాతది అదే.

‘ప్రెజెంట్’ లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ఎదుట ఉన్న, హాజరైన అని. దానికి ‘లీ’ చేరి 14వ శతాబ్దం చివరికల్లా వాడుకలోకి వచ్చింది. అప్పట్లో దాని అర్థం ‘ఈ క్షణాన’, ‘ఇక్కడికిక్కడే’, ‘వెంటనే’. తర్వాత కాసేపటికి అన్న అర్థం ఆ రోజుల్లో లేదు. 15వ శతాబ్దం నడిమి నుంచి 17వ శతాబ్దం నడిమి దాకా రెండొందల ఏళ్లలో మెల్లమెల్లగా పట్టు సడలి, ‘వెంటనే’ కాస్తా ‘కాసేపట్లో’ అయింది. ‘ఇప్పుడు’ అన్న అర్థాన్ని ఇంగ్లండులో పుస్తకాలు రాసేవాళ్లు 17వ శతాబ్దం నుంచి దాదాపు వదిలేశారు. స్కాట్లండ్ వాళ్లు వదల్లేదు, పల్లె యాసలు వదల్లేదు. అమెరికాలో 20వ శతాబ్దంలో అది మళ్లీ బాగా పుంజుకుంది. జాన్సన్ 1755లో వేసిన నిఘంటువులో ‘ఇప్పుడు’ అన్న అర్థమూ ఉంది, ‘వెంటనే, ఆపైన కాసేపటికే’ అన్న అర్థమూ ఉంది.

కాబట్టి కుర్రోడి రెజ్యూమేలో ఉన్నది తప్పు కాదు. మరీ పాతకాలపు మర్యాద, అంతే.

కాకతీయ_కుర్రోడు

మాస్టారూ, దండాలు. మీ పోస్టు స్క్రీన్‌షాట్ తీసి బావకి పంపించా. ‘పాతదైతే ఏంటి, ఇప్పుడెవరు వాడుతున్నారు’ అన్నాడు. ‘వెంటనే’ అన్న అర్థంతో వాడిన పాత ఉదాహరణ ఏదైనా ఉంటే పెట్టండి, ఆయన నోరు మూయించాలి.

గుంటూరు మేరీ

ఉదాహరణ నేనిస్తాను బాబూ. మా ఇంట్లో తాతగారి నాటి కింగ్ జేమ్స్ బైబిల్ ఉంది, 1611 నాటి అనువాదం. సండే స్కూల్లో పిల్లలకి చెప్పేటప్పుడు తెలుగు బైబిల్, అదీ పక్కపక్కన పెట్టుకుంటాను.

మత్తయి 21వ అధ్యాయం 19వ వచనం. యేసు అంజూరపు చెట్టుని శపిస్తాడు. కింగ్ జేమ్స్‌లో ‘అండ్ ప్రెజెంట్లీ ది ఫిగ్ ట్రీ విదర్డ్ అవే’ అని ఉంటుంది. ఇప్పటి అర్థంతో చదివితే చెట్టు పోనుపోను మెల్లగా ఎండిపోయినట్టు వస్తుంది. అలాగైతే అందులో అద్భుతమేముంది, నీళ్లు పోయకపోతే ఏ చెట్టయినా అంతేగా! తెలుగు బైబిల్లో ‘తక్షణమే’ అని స్పష్టంగా ఉంది. ఆ తర్వాతి వచనంలోనే శిష్యులు ఇంత తొందరగా ఎలా ఎండిపోయిందా అని ఆశ్చర్యపోతారు. ఇంగ్లిష్ చదివే పిల్లలు అక్కడే తికమక పడతారు.

1881లో ఇంగ్లండులోనే కొత్త నిబంధనని సవరించి వేసినప్పుడు ఈ చోట ‘ప్రెజెంట్లీ’ తీసేసి ‘ఇమీడియట్లీ’ పెట్టారు. అంటే అప్పటికే ఇంగ్లిష్ వాళ్లకే పాత మాట బోధపడటం మానేసిందన్నమాట.

సామర్లకోట మాస్టారు

మేరీ గారూ, భలే చోటు పట్టుకున్నారు. అదే బైబిల్లో ‘బై అండ్ బై’ ఎలా వాడారో కూడా చెబుదురూ.

గుంటూరు మేరీ

అదింకా ఘోరం మాస్టారూ. మార్కు 6లో హేరోదియ కూతురు నాట్యం చేసి, రాజు ఏం కావాలో కోరుకోమంటే తల్లి దగ్గరికి పరిగెత్తి, తిరిగి పరిగెత్తుకొచ్చి యోహాను తల పళ్లెంలో పెట్టి ఇమ్మంటుంది. తెలుగులో ‘యిప్పుడే’ అని ఉంది. కింగ్ జేమ్స్‌లో ‘గివ్ మి బై అండ్ బై’. ఈ రోజు చదివేవాడికి ‘తీరిగ్గా, వీలు చూసుకుని ఇవ్వండి’ అన్నట్టు వినిపిస్తుంది. ఆ అమ్మాయి ఆదరాబాదరా వచ్చిందే రాజు మనసు మారకముందే పని కానివ్వాలని! 1881లో దీన్ని ‘ఫోర్త్‌విత్’ (వెంటనే) చేశారు.

సబ్‌టైటిల్ సరళ

బాబోయ్, ఈ చర్చ నాకోసమే మొదలైనట్టుంది. పాతకాలపు ఇంగ్లిష్ సీరియళ్లకి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తుంటాను. ‘ప్రెజెంట్లీ’ వచ్చినప్పుడల్లా ఆగిపోతా. ‘ప్రస్తుతం’ అని పెడితే సీనులో మనిషి వెళ్లిపోతూ ఉంటాడు, ‘కాసేపట్లో’ అని పెడితే పరిగెడుతూ ఉంటాడు. ఏది ఎప్పుడన్నది తెలుసుకోవడానికి ఏదైనా గుర్తుందా?

సామర్లకోట మాస్టారు

ఉందమ్మా. క్రియ చూడు. ‘ఈజ్’, ‘ఆర్’ లాంటి వర్తమానంతో వస్తే చాలావరకు ‘ఇప్పుడు’. ‘హి ఈజ్ ప్రెజెంట్లీ ఇన్ ఢిల్లీ’ అన్నదాన్ని ఇంకోలా తీసుకోవడానికి వీల్లేదు. ‘విల్’తో వస్తే ‘కాసేపట్లో’. కథ చెబుతూ భూతకాలంలో వస్తే ‘కాసేపటికి’, ‘అంతలో’. మార్క్ ట్వెయిన్ టామ్ సాయర్ కథలో (1876) ఈ మూడో రకం అడుగడుగునా కనిపిస్తుంది.

మాట ఎక్కడ నిలబడిందో కూడా గమనించు. క్రియకి ముందు నిలబడితే ‘ఇప్పుడు’ వైపు మొగ్గుతుంది, వాక్యం చివర నిలబడితే ‘కాసేపట్లో’ వైపు. ఇది కచ్చితమైన సూత్రం కాదు, మొగ్గు మాత్రమే.

చిక్కల్లా ‘ది మినిస్టర్ ఈజ్ అరైవింగ్ ప్రెజెంట్లీ’ లాంటి వాక్యంతో. ఇంగ్లిష్‌లో ‘ఈజ్ అరైవింగ్’ అనేది జరుగుతున్నదానికీ జరగబోయేదానికీ పనికొస్తుంది. కారు గేటులోకి వస్తోందా, ఇంకా ఊళ్లోకి రాలేదా అన్నది మాటలో తెలియదు. అక్కడ సందర్భమే దిక్కు.

ఇదంతా ఈ రెండు మూడు శతాబ్దాల ఇంగ్లిష్‌కి. షేక్‌స్పియర్ కాలంలోకి వెళ్తే లెక్క వేరు. ‘టెంపెస్ట్’ నాటకం నాలుగో అంకంలో మాంత్రికుడు ప్రాస్పెరో ఒక పని పురమాయిస్తే, అతని చెప్పుచేతల్లో ఉన్న ఏరియల్ ‘ప్రెజెంట్లీ?’ అని అడుగుతాడు. దానికి ప్రాస్పెరో జవాబు: ‘అయ్, విత్ ఎ ట్వింక్’. మన తెలుగులో దీనికి అచ్చంగా అతికే మాట ఉంది. రెప్పపాటులో!

సబ్‌టైటిల్ సరళ

రెప్పపాటులో! ఇది రాసిపెట్టుకుంటున్నా మాస్టారూ. క్రియ గుర్తు కూడా బాగుంది. నిన్న ఆగిపోయిన సీనులో ‘విల్’ ఉంది, కాబట్టి ‘ఇంకాసేపట్లో’.

లా పాయింట్ (బెజవాడ)

మీ సాహిత్యం మధ్యలో కోర్టు వాసన పట్టుకొస్తున్నందుకు ఏమనుకోకండి. మా అఫిడవిట్లలో ‘ప్రెజెంట్లీ రిసైడింగ్ ఎట్’ అన్నది రోజూ రాసే మాట. సన్నాఫ్, ఏజ్డ్ అబౌట్, ఆక్యుపేషన్, ప్రెజెంట్లీ రిసైడింగ్ ఎట్ ఫలానా డోర్ నంబరు. సొంతూరు ఒకటి, ఉంటున్న ఊరు ఒకటి అయినప్పుడు తేడా చూపించడానికి. దీన్ని ‘కాసేపట్లో కాపురం ఉండబోయే’ అని ఏ జడ్జిగారూ చదవలేదు.

మేరీ గారు ‘ఫోర్త్‌విత్’ అన్నారు కాబట్టి ఒక్క మాట. ఎఫ్ఐఆర్ నమోదయ్యాక మేజిస్ట్రేటుకి రిపోర్టు ‘ఫోర్త్‌విత్’ పంపాలని పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం) 157వ సెక్షన్ చెప్పేది. ఆ ఒక్క మాట మీద క్రిమినల్ కేసుల్లో ఎంత వాదన నడుస్తుందో మీరు ఊహించలేరు. రిపోర్టు రాత్రి వెళ్లిందా, మర్నాడు పొద్దున వెళ్లిందా, కానిస్టేబుల్ బస్సెక్కాడా లేదా, అన్నీ అడుగుతాం. ఇక ముందస్తు నిర్బంధం (నేరం జరగకముందే పట్టి ఉంచడం) కేసుల్లో ‘ఫోర్త్‌విత్’ వేరు, ‘యాజ్ సూన్ యాజ్ మే బి’ (వీలైనంత త్వరగా) వేరు. 1956లో జోగ్లేకర్ కేసులో సుప్రీంకోర్టు ఈ రెండింటి తేడా తేల్చాల్సి వచ్చింది. బొంబాయి అల్లర్ల రోజులవి. పోలీస్ కమిషనర్ ప్రభుత్వానికి రిపోర్టు పంపడానికి కొన్ని రోజులు పట్టినా, తప్పించుకోలేని ఆలస్యం అయితే ‘ఫోర్త్‌విత్’కి భంగం లేదంది కోర్టు.

అర్థమైందిగా? ‘వెంటనే’ అంటే ఎంతలో అన్నది తేల్చడానికి దేశంలోని అత్యున్నత న్యాయస్థానం కూర్చోవాల్సి వచ్చింది.

ఉప్పల్_ఉత్తముడు

లాయర్ గారూ, మా సొసైటీలో లిఫ్ట్ రిపేరు ‘తక్షణం’ చేస్తామని నోటీసు అంటించారు. అంటించిన కాగితం వెలిసిపోయి అక్షరాలు కనబడకుండా పోయాయి. దానికేమైనా సెక్షన్ ఉందా?

లా పాయింట్ (బెజవాడ)

ఉంది. మెట్లెక్కడం.

జోబర్గ్ రెడ్డి

హహహ. మీరంతా ‘ప్రెజెంట్లీ’ దగ్గరే తంటాలు పడుతున్నారు, ఒకసారి మా జోహన్నెస్‌బర్గ్ రండి. ఇక్కడ ‘జస్ట్ నౌ’ అంటే ఇప్పుడు కాదు, ఎప్పుడో తర్వాత. ‘ఐ విల్ డూ ఇట్ జస్ట్ నౌ’ అని సహోద్యోగి అన్నాడంటే మధ్యాహ్నం కావచ్చు, రేపు కావచ్చు, అసలు కాకపోవచ్చు. ‘నౌ నౌ’ అంటే కాస్త త్వరగా. రెండుసార్లు ‘నౌ’ అన్నా ఇంకా ఇప్పుడు రాలేదు చూడండి. ఆఫ్రికాన్స్ భాష ప్రభావం అంటారు ఇక్కడివాళ్లు.

ఇండియా టీముతో కాల్స్‌లో చూడాలి సరదా. హైదరాబాద్ నుంచి ‘ఫైల్ ఎప్పుడు పంపిస్తారు’ అని అడుగుతారు, ఇటునుంచి ‘జస్ట్ నౌ’ అంటారు. అటువైపు వాళ్లు మెయిల్ రిఫ్రెష్ కొట్టుకుంటూ కూర్చుంటారు.

డబ్లిన్ సుధ

అమెరికా వాళ్లకి ‘మొమెంటరిలీ’ ఉంది కదండీ. విమానంలో ‘వి విల్ బి ల్యాండింగ్ మొమెంటరిలీ’ అంటారు. వాళ్లకి అది ‘ఇంకొద్ది క్షణాల్లో’. ఇటు బ్రిటన్ వైపు వాళ్లకి ‘ఒక్క క్షణంపాటు’. దిగీ దిగగానే మళ్లీ ఎగిరిపోతుంది, సామాను పట్టుకుని దూకేయండి అని మా డాక్టర్ ఒకాయన జోకు.

సామర్లకోట మాస్టారు

రెడ్డి గారు అసలు విషయం మీదకి తెచ్చారు. ఇది ‘ప్రెజెంట్లీ’ ఒక్కదాని కథ కాదు. ఇంగ్లిష్‌లో ‘వెంటనే’ అని పుట్టిన మాటలు ఒకదాని తర్వాత ఒకటి ‘కాసేపట్లో’ అయిపోయాయి.

‘సూన్’ తీసుకోండి. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లో అది ‘సోనా’. అర్థం ‘తక్షణమే’. ఇప్పుడు ‘కమింగ్ సూన్’ అని షాపు షట్టర్ మీద రాస్తే ఎన్ని నెలలైనా పట్టొచ్చు.

‘అనాన్’ కూడా అంతే. పాత ఇంగ్లిష్‌లో ‘ఒక్కదానిలో’ అన్న రెండు మాటలు కలిసి పుట్టింది, ఒక్క ఊపులో అని మన భావం. షేక్‌స్పియర్ నాటికి దాని పరిస్థితి ఏమైందో ‘నాలుగో హెన్రీ’ మొదటి భాగంలో చూడొచ్చు. ఈస్ట్‌చీప్‌లో సారా దుకాణం. ఫ్రాన్సిస్ అనే సర్వర్ కుర్రాడు. యువరాజు హాల్ అతన్ని మాటల్లో పెట్టి పక్కన నిలబెడతాడు, స్నేహితుడు పాయిన్స్ లోపలి గదిలోంచి ‘ఫ్రాన్సిస్!’ అని కేకేస్తుంటాడు. కుర్రాడు కదల్లేక ‘అనాన్, అనాన్, సర్’ అని అరుస్తుంటాడు. ఇద్దరూ కలిసి వాణ్ణి ఏడిపిస్తున్నారు, వాడు మాత్రం అదొక్క మాటే పట్టుకున్నాడు. రద్దీ హోటల్లో మన సర్వర్ ‘ఆఁ, వస్తున్నా వస్తున్నా’ అంటూ పక్క టేబులు తుడుస్తుంటాడే, అచ్చం అదే. మాట ‘ఇప్పుడే’ అంటోంది, కాళ్లు మాత్రం కదలవు. ఇలా ఓ వందేళ్లు అన్నాక ఆ మాటకి ‘ఇప్పుడే’ అన్న అర్థం ఎలా నిలుస్తుంది చెప్పండి?

ఇక ‘హామ్లెట్’ మూడో అంకం. రాజుగారి మంత్రి పొలోనియస్ హామ్లెట్ దగ్గరికి వచ్చి ‘ది క్వీన్ వుడ్ స్పీక్ విత్ యూ, అండ్ ప్రెజెంట్లీ’ అంటాడు. రాణిగారు పిలుస్తున్నారు, ఉన్నపళంగా రమ్మన్నారు అని. హామ్లెట్ ముందు మేఘాన్ని చూపించి ఒంటెలా ఉంది కదూ, ముంగిసలా ఉంది కదూ, తిమింగలంలా ఉంది కదూ అని ఆయన్ని ఆడిస్తాడు. తర్వాత ‘ఐ విల్ కమ్ టు మై మదర్ బై అండ్ బై’ అంటాడు. ‘అలాగే చెబుతా’ అని పొలోనియస్ అనగానే హామ్లెట్ వేసే చురక: ‘బై అండ్ బై ఈజ్ ఈజిలీ సెడ్’. వస్తా అనడానికేం, నోటితో అనేయొచ్చు!

1600 ప్రాంతంలో ‘ప్రెజెంట్లీ’కి ఇంకా పదునుంది. ‘బై అండ్ బై’ పదును పోతోంది, పోతున్న సంగతి హామ్లెట్‌కి తెలుసు. పదేళ్ల తర్వాత వచ్చిన బైబిల్లో ‘బై అండ్ బై’ ఇంకా ‘వెంటనే’గా నిలిచిందంటే అనువాదకులు కావాలనే పాత ఒరవడి పట్టుకున్నారని నా అభిప్రాయం.

గుంటూరు మేరీ

పాత ఒరవడే మాస్టారూ. వాళ్లు అంతకుముందున్న ఇంగ్లిష్ బైబిళ్లని ఆధారం చేసుకునే పని చేశారు, 16వ శతాబ్దంలో బైబిల్‌ని ఇంగ్లిష్‌లోకి తెచ్చిన టిండేల్ నాటి వాక్యాలు చాలావరకు అలాగే ఉంచారు. మన తెలుగు బైబిల్ భాష కూడా వీధిలో మాట్లాడే భాష కన్నా ఎప్పుడూ ఒక తరం వెనకే ఉంటుంది కదా.

సబ్‌టైటిల్ సరళ

తెలుగులో కూడా ఇదే జరుగుతోందని నాకో అనుమానం. ‘త్వర’ అంటేనే తొందర. ‘త్వరలో’ అంటే నిజానికి చాలా దగ్గర్లో ఉండాలి. కానీ సినిమా పోస్టర్ మీద ‘త్వరలో’ అంటే ఎవడూ నమ్మడం లేదని ‘అతి త్వరలో’ మొదలుపెట్టారు. ఇప్పుడు దాన్నీ నమ్మడం లేదు. ‘వెంటనే’ చాలక ‘వెనువెంటనే’, ‘ఇప్పుడు’ చాలక ‘ఇప్పటికిప్పుడు’. మాట అరిగిపోయినప్పుడల్లా దానికో ముక్క అతికిస్తున్నాం. ఇంగ్లిష్‌లో ‘నౌ’ చాలక ‘రైట్ నౌ’ వచ్చినట్టే.

కాకతీయ_కుర్రోడు

‘ఇప్పుడే’ మరిచిపోయారు అక్కా! ‘ఇప్పుడే తిన్నా’ అంటే అయిపోయింది. ‘ఇప్పుడే తింటా’ అంటే ఇంకా మొదలవలేదు. మా అమ్మ ఫోన్ చేస్తే ‘ఇప్పుడే బయల్దేరుతున్నా’ అంటా, అప్పటికి ఇంకా స్నానం కూడా చేసి ఉండను.

ఉప్పల్_ఉత్తముడు

సరే, మాట పాతదే అని ఒప్పుకుందాం. కానీ మనవాళ్లు షేక్‌స్పియర్ చదివి ‘ప్రెజెంట్లీ వర్కింగ్’ రాస్తున్నారంటే నేను నమ్మను. పాత అర్థం వేరే దారిలో చచ్చిపోయింది, మనవాళ్లు ‘ప్రస్తుతం’ని అనువాదం చేసుకుని కొత్తగా పుట్టించారు. పేరొకటే, మనిషి వేరు.

సామర్లకోట మాస్టారు

ఇది మంచి ప్రశ్న. నాకో ఊహ ఉంది. ‘ఇప్పుడు’ అన్న అర్థాన్ని వదలకుండా పట్టుకున్నది స్కాట్లండ్ వాళ్లని ముందే చెప్పాను. మన దక్షిణాదిన ఇంగ్లిష్ చదువుకి పునాది వేసినవాళ్లలో స్కాటిష్ మిషనరీలు ముఖ్యులు. మద్రాసులో జాన్ ఆండర్సన్ 1837లో పెట్టిన స్కూలే తర్వాత మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ అయింది. తెలుగు జిల్లాల నుంచి ఎంతమంది పిల్లలు మద్రాసు వెళ్లి చదువుకున్నారో లెక్కేయండి. పంతులు నోట్లో ఉన్న మాటే పిల్లాడి నోట్లోకి వస్తుంది. ఆ పిల్లాడే తాలూకా ఆఫీసులో గుమాస్తా అయి అర్జీలు రాశాడు.

ఉప్పల్_ఉత్తముడు

కథ బాగుంది మాస్టారూ, కానీ రుజువు లేదు. స్కాట్లండ్ పంతులు లేకపోయినా ‘ప్రెజెంట్’ అంటే ఇప్పటి అని తెలిసిన ఎవడైనా ‘ప్రెజెంట్లీ’ అంటే ఇప్పుడు అనే అనుకుంటాడు. రీసెంట్ నుంచి రీసెంట్లీ, ప్రెజెంట్ నుంచి ప్రెజెంట్లీ. అమెరికావాడు కూడా అలాగే అనుకుని ఉండొచ్చు. ‘కాసేపట్లో’ అన్న అర్థమే మాట చూస్తే తట్టదు, ఎవరో చెబితే గానీ రాదు.

సామర్లకోట మాస్టారు

మీరు చెప్పింది కొట్టిపారేసేది కాదు. నా ఊహ నిలబడాలంటే 19వ శతాబ్దపు మద్రాసు అర్జీలు, కాలేజీ పత్రికలు తిరగేసి చూడాలి. కానీ ఒక్కటి ఒప్పుకోండి. చూడగానే తట్టే అర్థం, ఐదారు వందల ఏళ్ల కిందట ఉన్న అర్థం, స్కాట్లండ్‌లో, అమెరికాలో, మన దగ్గర నడుస్తున్న అర్థం ఒకటే అయినప్పుడు దాన్ని ‘తప్పు’ అనడానికి లండన్ బావగారికి అధికారం ఎక్కడిది?

డబ్లిన్ సుధ

అధికారం సంగతి పక్కన పెడితే, అమెరికాలోనూ అందరూ ఒప్పుకోరు మాస్టారూ. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ (ఏపీ అంటారు, మన ఏపీ కాదు) వాళ్ల స్టైల్‌బుక్, అంటే రాత నియమాల పుస్తకం, ‘ప్రెజెంట్లీ’ని కాసేపట్లో అన్న అర్థానికే వాడమంటుంది, ఇప్పుడు అన్నదానికి వద్దంటుంది. అక్కడి జర్నలిస్టులకి ఇది మొదట్లోనే నూరిపోస్తారట.

సామర్లకోట మాస్టారు

నిజమే. వద్దని రాయాల్సి వచ్చిందంటే జనం రాస్తున్నారనేగా! ఎవరూ చేయని పనిని వద్దని ఎవరూ బోర్డు పెట్టరు.

మాంట్రియల్ మల్లిక

ఆలస్యంగా వచ్చా, కానీ ఇది చెప్పకుండా ఉండలేను. ఈ మాటకి ఫ్రెంచిలో ఒక అక్క ఉంది, ‘ప్రెజాంతమాఁ’. కెనడాలో ఫ్రెంచి మాట్లాడే మా కెబెక్‌లో అది రోజువారీ మాట. స్టోరులో కార్డు మెషీన్ పనిచేయకపోతే, వెయిటింగ్ రూములో డాక్టర్ ఖాళీగా లేకపోతే, అన్నిటికీ ‘ప్రెజాంతమాఁ’. అర్థం ‘ఇప్పుడు’, అంతే. ఆఫ్రికాలో ఫ్రెంచి మాట్లాడే దేశాలవాళ్లు కూడా తెగ వాడతారు, మా ఆఫీసులో సెనెగల్ అమ్మాయి నోట ఎప్పుడూ అదే. పారిస్ నుంచి వచ్చినవాళ్లకి మాత్రం అది పాత పుస్తకంలోంచి ఊడిపడ్డ మాటలా వినిపిస్తుంది, నవ్వుకుంటారు.

చూడండి, సముద్రం దాటిన భాష పాత మాటని దాచుకుంది, సొంతూళ్లో ఉన్నవాళ్లు పారేసుకున్నారు. ఉత్తముడు గారి ‘కొత్తగా పుట్టింది’ అన్న వాదన కెబెక్ విషయంలో నిలవదు, ఇక్కడ అది తరాలుగా తెగకుండా నడుస్తూ వచ్చింది.

ఉప్పల్_ఉత్తముడు

కెబెక్ వాళ్ల అమ్మభాష ఫ్రెంచి మేడమ్, ఇంట్లో తాతల నుంచి వచ్చింది. మనకి ఇంగ్లిష్ బడి నుంచి వచ్చింది. రెండూ ఒకటి కావు. నేను నా మాట మీదే ఉన్నా.

సామర్లకోట మాస్టారు

ఉండండి నాయనా. మీరు ఉంటేనే చర్చ.

కాకతీయ_కుర్రోడు

ఇంతకీ నా రెజ్యూమే సంగతి ఎవరైనా తేల్చండి ప్లీజ్. సోమవారం పంపాలి, ఇక్కడ టెన్షన్.

లా పాయింట్ (బెజవాడ)

మాస్టారు చెప్పింది న్యాయం, సుధ గారు చెప్పింది లౌక్యం. తమ్ముడూ, అసలు ఆ మాట నీకు అక్కర్లేదు. ‘ఐ యామ్ వర్కింగ్ యాజ్ ఎ టెస్ట్ ఇంజనీర్’ అంటే చాలు, ‘యామ్’లోనే ఇప్పుడు ఉంది. రెజ్యూమేలో ప్రతి మాటకీ చోటు ఖరీదు. పాత ఉద్యోగానికీ ఇప్పటిదానికీ తేడా చూపించాలంటే తేదీలు పక్కనే ఉంటాయి. అఫిడవిట్ రాసుకునే రోజు మాత్రం నా దగ్గరికి రా, ‘ప్రెజెంట్లీ’ పెట్టి ఇస్తా.

కాకతీయ_కుర్రోడు

తీసేశా అన్నా. లైను పొట్టిదైంది, కిందినుంచి ఒక ప్రాజెక్టు పేరు పైపేజీలోకి వచ్చింది. బావకి మాత్రం మేరీ గారి అంజూరపు చెట్టు వచనం పంపించా. ‘ఈజ్ టైపింగ్’ అని చూపించి ఆగిపోయింది.

జోబర్గ్ రెడ్డి

‘డైరెక్ట్లీ’ సంగతి కూడా ఎవరైనా చెప్పండి మాస్టారూ. ఇక్కడ ఒక ముసలి ఇంగ్లిష్ దొర ‘ఐ షల్ కమ్ డైరెక్ట్లీ’ అంటాడు, వచ్చేసరికి టీ చల్లారిపోతుంది.

సామర్లకోట మాస్టారు

అదీ ఇదే దారిన పోతోంది రెడ్డి గారూ. ‘తిన్నగా, ఎక్కడా ఆగకుండా’ అని మొదలై ‘వెంటనే’ అయింది, కొన్ని ప్రాంతాల్లో అప్పుడే ‘కాసేపట్లో’ దాకా జారింది. దానికి వేరే చర్చ పెట్టండి, ఇందులో కలిపేస్తే తర్వాత వెతుక్కునేవాళ్లకి దొరకదు. ‘ఇన్‌స్టంట్లీ’ని కూడా చేర్చండి, అది ఇంకా ఎందుకు అరిగిపోలేదో నాకు అంతుపట్టడం లేదు.